మురుగునీటికి వైద్యులు కావాలి

విద్యార్థులారా! మీరు పొద్దున్న స్నానం చేసిన నీళ్లు చివరికి ఎక్కడికి పోతాయో ఎప్పుడైనా ఆలోచించారా? ఏలూరులోనైతే అవి వీధి కాలువలో పడి, పెద్ద మురుగు కాలువలో కలిసి, దక్షిణాన ఉన్న కొల్లేరు వైపు సాగుతాయి. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీరు కూడా ఆ సరస్సులోకే చేరుతుంది. అక్కడి నుండి సముద్రానికి దారి ఉప్పుటేరు. కొల్లేరును 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. అలాంటి సరస్సుకు మన మురుగు ఏం చేస్తుందో చూద్దాం.

ఒక చిన్న లెక్క

ఒక మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు ఇస్తే, అందులో 80 శాతం, అంటే 108 లీటర్లు మురుగుగా మారుతుందని ఇంజనీర్లు లెక్క కడతారు. 2 లక్షల జనాభా గల పట్టణంలో అది రోజుకు 2 కోట్ల 16 లక్షల లీటర్లు!

మురుగులోని కుళ్లే పదార్థాన్ని సూక్ష్మజీవులు తింటాయి. అందుకు వాటికి ఆక్సిజన్ కావాలి. ఇళ్ల నుండి వచ్చే మురుగు లీటరుకు సుమారు 200 మిల్లీగ్రాములు కావాలనుకోండి. మన ప్రాంతపు వేడికి లీటరు మంచినీటిలో కరిగి ఉండే ఆక్సిజన్ 8 మిల్లీగ్రాములు మాత్రమే. అంటే ఒక్క లీటరు మురుగు 25 లీటర్ల సరస్సు నీటిలోని ఆక్సిజన్‌నంతా హరించగలదు. గాలి నుండి కొంత తిరిగి కరుగుతుంది కాని, నెమ్మదిగా. ఈలోగా చేపలు ఊపిరాడక నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి.

వైద్యం ఎలా చేస్తారు?

శుద్ధి కేంద్రంలో మొదట ఇనుప ఊచల జాలి గుడ్డలనూ, ప్లాస్టిక్ సంచులనూ ఆపుతుంది. తరువాత ఇసుక, బరువైన మడ్డి అడుక్కు దిగుతాయి. ఆపైన నీటిలోకి గాలి పంపుతారు. చేపల చెరువుల్లో తిరిగే ఏరేటర్లను మీరు చూసే ఉంటారు, సూత్రం అదే. సరస్సులో చేయవలసిన పనిని సూక్ష్మజీవులు ఇక్కడే ముగిస్తాయి. వాటితో నిండిన బురదలో కొంత మళ్లీ తొట్టిలోకే పంపుతారు. ఈ పద్ధతిని 1914లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ అనే శాస్త్రజ్ఞులు ప్రకటించారు. మిగిలిన బురదను గాలి తగలకుండా కుళ్లబెడితే మీథేన్ వాయువు వస్తుంది.

ఎవరెవరు కావాలి?

తొట్లు కట్టడానికి సివిల్ ఇంజనీరు, నీటిని పరీక్షించడానికి రసాయన శాస్త్రవేత్త, సూక్ష్మజీవులను గమనించడానికి జీవశాస్త్రవేత్త, పంపులు నడపడానికి ఫిట్టరు, ఎలక్ట్రీషియను కావాలి. పదో తరగతి తరువాత ఐ.టి.ఐ., పాలిటెక్నిక్ దారులున్నాయి. ఇంటర్ తరువాత ఇంజనీరింగు గాని, బి.ఎస్‌సి. గాని చదవవచ్చు. 2015లో తాడేపల్లిగూడెంలో ప్రారంభమైన నిట్‌లో సివిల్, కెమికల్, బయోటెక్నాలజీ శాఖలున్నాయి.

ఇది తక్కువ పని అనుకోకండి. మురుగు గోతుల్లో కుళ్లిన గుడ్డు వాసన గల హైడ్రోజన్ సల్ఫైడ్ చేరుతుంది. అది మోతాదు మించితే ముక్కు వాసన పట్టే శక్తినే కోల్పోతుంది. దిగిన మనిషి క్షణాల్లో కూలిపోతాడు. మనుషుల్ని రక్షణ లేకుండా అందులోకి దింపడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. అయినా మరణాలు ఆగలేదు. మనిషి దిగనవసరం లేని యంత్రాన్ని తయారుచేయడం రేపటి ఇంజనీర్లయిన మీ పనే.

ఈ ఆదివారం మీ వీధి కాలువ ఏ కాలువలో కలుస్తుందో, అది ఎక్కడికి పోతుందో పెద్దలనడిగి పటం గీయండి. ఈ చదువులో మొదటి పాఠం అదే.