మునిగేలోపు ఒకసారి.. అమ్మతో శబరి లోయకు

అంబర్‌పేట్‌లో మా ఇంటికి మూసీ కూతవేటు దూరం. ముక్కు మూసుకుని వంతెన దాటడమే తప్ప, అదీ ఒక నదేనని నాకెప్పుడూ అనిపించలేదు. అమ్మ మాత్రం ‘నది అంటే మా ఊళ్లో చూడాల్రా’ అంటుండేది. ఆమె పుట్టింది శబరి, గోదావరి కలిసే కూనవరం దగ్గర. పోలవరం జలాశయం పూర్తి మట్టం 150 అడుగులకు నిండితే మునిగే ఊళ్లలో అదీ ఒకటి. ‘మునిగేలోపు ఒక్కసారి తీసుకెళ్లు’ అంది. మూడేళ్లుగా ‘ఈ రిలీజ్ అయ్యాక’ అంటూ వాయిదా వేశా. చివరికి ఫిబ్రవరిలో ఒక శనివారం, తెల్లవారుజామున నాలుగింటికి కారు తీశాం.

గోదావరి పక్కనే..

సూర్యాపేట రాకముందే మూసీ మళ్లీ ఎదురైంది. ‘ఇదీ మన మూసీయే’ అంటే అమ్మ నమ్మలేదు. ఖమ్మం దాటాక కొత్తగూడెం బొగ్గు లారీలు, తర్వాత అడవి. సుమారు 310 కిలోమీటర్లు నడిపి భద్రాచలంలో ఆగాం. రాముడి దర్శనం, భోజనం అయ్యాక కూనవరం దారి పట్టాం. రోడ్డు పక్కన ఎండబోసిన మిర్చి, తాటిచెట్లు, ఎదురుగా నీలం కొండలు. కూనవరం దగ్గర శబరిని కలుపుకుని గోదావరి పాపికొండల మధ్యకు వెళ్తుంది. ఒడ్డున నిలబడి ఫోన్ తీస్తుంటే ‘ముందు కళ్లతో చూడు’ అంది అమ్మ.

గోడ మీద గీత

అమ్మమ్మ వాళ్ల ఇంట్లో ఇప్పుడెవరూ లేరు. మామయ్య వాళ్లు పునరావాస కాలనీకి వెళ్లిపోయారు. గోడ మీద 2022 జులై వరద వదిలిన బురద చార ఉంది. చెయ్యెత్తినా నాకు అందలేదు. అప్పుడు భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. అక్కడ మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులు! ఆ అంకెలు ఆఫీసులో కూర్చుని వార్తల్లో చదివినవే. గోడ ముందు నిలబడితే గానీ అర్థం కాలేదు. అమ్మ ఏడవలేదు. పెరట్లో చింతచెట్టు కింద రాలిన కాయలు కొంగులో ఏరుకుంది.

మలుపుల దారి

ఆ రాత్రి చింతూరులో ఆగి, పొద్దున్నే మారేడుమిల్లి ఘాట్ ఎక్కాం. దాదాపు 60 కిలోమీటర్లు.. వెదురు పొదలు, వాగులు, మలుపు తర్వాత మలుపు. మారేడుమిల్లిలో బొంగులో చికెన్ తిని, రాజమండ్రి మీదుగా తిరిగొచ్చాం.

మీరూ వెళ్లాలనుకుంటే అక్టోబర్ నుంచి ఫిబ్రవరి మధ్య మంచిది. చింతూరులోనే పెట్రోల్ నింపుకోండి. ఘాట్‌లో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. చీకటి పడ్డాక ఘాట్ ఎక్కకండి. ఇంట్లో ఎవరికైనా అటువైపు సొంతూరు ఉంటే మాత్రం సీజన్ కోసం, సెలవుల కోసం చూడకండి.

తర్వాతి ఆదివారం అమ్మ ఆ చింతపండుతో చేపల పులుసు పెట్టింది. మిగిలింది జాడీలో దాచింది. మళ్లీ ఎప్పుడు తీస్తావని నేను అడగలేదు.