రంగస్థలమెక్కిన పాలేరు

నిజామాబాదు జిల్లా ముప్కాలు ప్రాంతమున పసుపు చేలలోను వరిమళ్లలోను ఏడాది ఒప్పందముపై పనిచేయు మనిషిని 'జీతగాడు' అందురు. ఆ సమీపముననే పారు గోదావరి దిగువకు సాగి సముద్రమున గలియు కోనసీమలో అతనినే 'పాలేరు' అందురు. పేరు వేరైనను నాటి బ్రతుకు ఒక్కటే. కోడికూతకు ముందే లేచి కొట్టము శుభ్రపరచి, ఎడ్లకు మేత వేసి, అరక కట్టవలెను. రాత్రివేళ మడికి నీరు పెట్టవలెను. పెండ్లికో రోగమునకో తెచ్చిన అప్పు తీరెడిది కాదు. తండ్రి కన్నుమూసినచో కుమారుడు ఆ కొట్టమునకే వచ్చెడివాడు. హైదరాబాదు సంస్థానమున ఈ కట్టుబానిసత్వమునకు 'భాగేలా' అని పేరు.

కోనసీమలోని మామిడికుదురులో 1911లో ఒక పేద దళిత కుటుంబమున జన్మించిన బోయి భీమన్న ఈ బ్రతుకును దగ్గరగా చూచినవాడు. ఆ కాలమున అట్టి ఇంటి బాలునకు చదువు సులభమైనది కాదు. అయినను ఆయన పట్టుదలతో పట్టభద్రుడై, ఉపాధ్యాయుడుగను పత్రికా రచయితగను పనిచేసెను.

అప్పటి మన రంగస్థలముపై హరిశ్చంద్రుడును పాండవులును రాగములు తీయుచుండిరి. నౌకరు పాత్ర వచ్చినను నవ్వించి పోవుటకే. స్వాతంత్ర్యమునకు పూర్వమే భీమన్న ఆ పాలేరును నాయకుని స్థానమున నిలిపి 'పాలేరు' నాటకమును రచించెను. అందలి వెంకన్న చదువుకొని డిప్యూటీ కలెక్టరగును. అమెరికాలో క్లిఫర్డ్ ఒడెట్స్ 1935లో టాక్సీ డ్రైవర్ల సమ్మెను నాటకముగా మలచెను. అతడు సంఘబలమును నమ్మగా, భీమన్న పలకాబలపములను నమ్మెను.

ఒక్కడు అధికారియైనంతమాత్రమున తక్కినవారి అప్పులు తీరునా యని అడుగవచ్చును. ఆ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. కాని పల్లెలలో ఆ నాటకమును నేలపై కూర్చుండి చూచినవారిలో పాలేర్లే పలువురు. తమవంటివాడొకడు కుర్చీలో కూర్చుండుట వారెన్నడును చూడలేదు. అది చూచినపిమ్మట కొందరు పసులకాపరి బాలురను బడికి పంపిరని చెప్పుదురు.

తరువాత ఆయన 'కూలిరాజు' నాటకమును రచించెను. 'గుడిసెలు కాలిపోతున్నాయి' అను కవితాసంపుటికి 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించెను. కట్టుబానిసత్వమును నిషేధించుచు దేశమంతటికి వర్తించు చట్టము 1976లో వెలువడెను. అప్పటికి వెంకన్న రంగస్థలమెక్కి మూడు దశాబ్దములు దాటినవి.