అరబ్బీ తల్లి.. ఐరోపా తండ్రి: క్రీడాశ్వం పుట్టాలంటే ఏడేళ్ల ఓర్పు కావాలి

సంకరంపై ఆశ పడేముందు తెలుసుకోవలసిన సంగతులు

శామీర్‌పేట: ఒకనాడు అనాబెషాహీ ద్రాక్షతోటలకు పేరుపడిన మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాల్లో నేడు వెంచర్లు, ఫామ్‌హౌస్‌లు కనిపిస్తున్నాయి. అక్కడక్కడ ఆ ప్రహరీల వెనుక గుర్రాలూ సకిలిస్తున్నాయి. స్వారీ నేర్చుకోవాలన్న ముచ్చట నగరవాసుల్లో ఉండటంతో, గుర్రాన్ని కొనడం కంటే మనమే పుట్టిస్తే లాభం కదా అన్న ఆలోచన నాలుగెకరాల భూమి, కొంత పెట్టుబడి ఉన్నవారికి కలగడం సహజం. అందుకు ఉన్న మార్గాల్లో ఒకటి, అరబ్బీ ఆడగుర్రాన్ని ఐరోపా వార్మ్‌బ్లడ్ మగగుర్రంతో సంకరపరచి క్రీడలకు పనికివచ్చే పిల్లను పొందడం. ఈ పద్ధతి శాస్త్రసమ్మతమైనదే. అయితే లాభమో నష్టమో తేలడానికి ఏడేళ్లు పడుతుందని, ఫలితం తండ్రి పేరు కంటే తల్లి మీదనే ఎక్కువగా ఆధారపడుతుందని ముందుగా గ్రహించాలి.

వెచ్చని రక్తం అంటే..

వార్మ్‌బ్లడ్ అన్న పేరుకు, రక్తంలోని వేడికి సంబంధం లేదు. ఏ జాతి గుర్రానికైనా ఒంటి వేడి 38 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూగానే ఉంటుంది. చురుకైన అరబ్బీ, థరోబ్రెడ్ జాతులను 'హాట్ బ్లడ్' అని, బరువులు లాగే నెమ్మదైన భారీ గుర్రాలను 'కోల్డ్ బ్లడ్' అని ఐరోపావారు పిలుస్తారు. ఈ రెండింటి నడుమ గుణాలు కలిగినవే వార్మ్‌బ్లడ్‌లు. హానోవేరియన్, హోల్‌స్టైనర్, ఓల్డెన్‌బర్గ్, ట్రకేనర్ జాతులు ఈ కోవలోవే. ఒకప్పుడు బండికి, సేద్యానికి, సైన్యానికి పెంచిన ఈ గుర్రాలను తరతరాలుగా ఏరి క్రీడలకు తీర్చిదిద్దారు.

అరబ్బీ గుర్రం సాధారణంగా 14 నుంచి 15 హ్యాండ్ల ఎత్తు ఉంటుంది. ఒక హ్యాండ్ అంటే నాలుగు అంగుళాలు. మెడ, వీపు కలిసే చోటు వరకు ఈ కొలత తీసుకుంటారు. వార్మ్‌బ్లడ్‌లు ఎక్కువగా 16 నుంచి 17 హ్యాండ్లు ఉంటాయి. బరువులో కూడా ఒకటిన్నర రెట్ల వరకు తేడా ఉంటుంది.

ఎందుకీ జోడీ?

వార్మ్‌బ్లడ్‌కు ఎత్తు, అడుగులో సాగుదల, అడ్డంకులపై దూకే బలం, స్థిమితమైన స్వభావం ఉంటాయి. అరబ్బీకి గట్టి ఎముక, పలుచని చర్మం, అలసట ఎరుగని ఊపిరి ఉంటాయి. ఒకేరోజు 160 కిలోమీటర్లు సాగే ఎండ్యూరెన్స్ పోటీల్లో అరబ్బీలదే పైచేయి. పెద్ద శరీరం వేడిని త్వరగా వదలలేదు. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే మన ఎండలకు భారీ వార్మ్‌బ్లడ్ కంటే అరబ్బీ రక్తం కలిసిన గుర్రం మేలని భావించడానికి కారణం ఇదే.

అయితే రెండు జాతుల మంచి గుణాలే పిల్లకు వస్తాయన్న హామీ లేదు. తోబుట్టువులైన రెండు పిల్లల్లో ఒకటి ఎత్తుగా, నెమ్మదిగా ఉండవచ్చు. మరొకటి పొట్టిగా, బెదురుగొడ్డుగా మిగలవచ్చు. సంకర గుర్రాలను తిరిగి వాటితోనే కలిపితే రెండోతరంలో ఈ తేడాలు మరింత ఎక్కువవుతాయి.

కొత్తదేమీ కాదు

అరబ్బీ రక్తంతో ఇతర జాతులను మెరుగుపరచడం పాత విద్యే. ఇంగ్లండులో థరోబ్రెడ్ జాతికి మూలపురుషులుగా చెప్పే మూడు గుర్రాలూ తూర్పు దేశాల నుంచి వచ్చినవే. 1732లో తూర్పు ప్రష్యాలో నెలకొల్పిన ట్రకేనన్ అశ్వశాలలో అరబ్బీ రక్తాన్ని విరివిగా వాడారు. పోలండ్‌లో పుట్టిన రామ్జెస్ అనే ఆంగ్లో అరబ్ మగగుర్రం ఇరవయ్యో శతాబ్దంలో జర్మనీ క్రీడాశ్వాలపై చెరగని ముద్ర వేసింది. 1988, 1992 ఒలింపిక్స్‌లో డ్రెసాజ్ స్వర్ణాలు గెలిచిన రెంబ్రాంట్ ఆ వంశంలోనిదే.

మన నేలకూ అరబ్బీ గుర్రం పరాయిది కాదు. బహమనీలు, విజయనగర రాజుల కాలంలో సముద్రం మీదుగా అరబ్బు గుర్రాలు దక్కనుకు వచ్చేవి. సికింద్రాబాద్-మేడ్చల్ రైలు మార్గంలోని బొల్లారం, నిజాం కాలంలో హైదరాబాద్ కంటింజెంట్ సైన్యానికి కేంద్రంగా ఉండేది. ఆ అశ్వదళాల వారసత్వం నుంచే డెక్కన్ హార్స్ రెజిమెంటు రూపుదిద్దుకుంది.

తల్లి గర్భమే కొలత

పెద్ద గుర్రంతో కలిపితే పిల్ల పెద్దదై చిన్న తల్లికి కాన్పు కష్టమవుతుందేమో అన్న సందేహం చాలామందికి కలుగుతుంది. దీనికి 1938లో కేంబ్రిడ్జి శాస్త్రవేత్తలు వాల్టన్, హామండ్ ప్రకటించిన ప్రయోగం సమాధానం చెప్పింది. భారీ షైర్ జాతిని, బుల్లి షెట్లాండ్ జాతిని వారు రెండు విధాలా సంకరపరచారు. షైర్ తల్లికి పుట్టిన పిల్ల బరువు, షెట్లాండ్ తల్లికి పుట్టిన పిల్ల బరువుకు దాదాపు మూడు రెట్లు ఉంది. అంటే గర్భంలో పిల్ల ఎంత పెరగాలో చాలావరకు తల్లే నిర్ణయిస్తుంది. కాన్పు ప్రమాదం పూర్తిగా లేదని దీని అర్థం కాదు. కురచ తల్లి నుంచి భారీ క్రీడాశ్వాన్ని ఆశించరాదన్నదే ఇక్కడి పాఠం. పొడవైన మెడ, తిన్నని కాళ్లు, గట్టి గిట్టలు, నిబ్బరమైన స్వభావం ఉన్న తల్లినే ఎంచుకోవాలి. కుంటితనం వల్ల స్వారీకి పనికిరాక చౌకగా దొరికిన ఆడగుర్రం అయితే, ఆ లోపం పుట్టుకతో వచ్చినదా, దెబ్బ వల్ల వచ్చినదా అన్నది పశువైద్యునితో తేల్చుకోవాలి.

ఎద గుర్తింపే కీలకం

మేలిరకం వార్మ్‌బ్లడ్ మగగుర్రాన్ని విదేశాల నుంచి తేవడం సామాన్యులకు సాధ్యం కాదు. మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో భద్రపరచిన వీర్యమే దారి. దీని దిగుమతికి కేంద్ర పశుసంవర్థక శాఖ అనుమతి తప్పనిసరి. పందెపు థరోబ్రెడ్‌ల నమోదులో కృత్రిమ గర్భధారణను అంగీకరించరు. క్రీడాశ్వాలకు ఆ నిషేధం లేదు.

ఆడగుర్రం సుమారు 21 రోజులకొకసారి ఎదకు వస్తుంది. ఎద ఐదు నుంచి ఏడు రోజులు ఉంటుంది. ఘనీభవింపజేసిన వీర్యకణాలు ఎక్కువసేపు బతకవు. కాబట్టి అండం విడుదలకు ముందు 12 గంటలు, తరువాత 6 గంటల లోపే వీర్యాన్ని ప్రవేశపెట్టాలి. అల్ట్రాసౌండ్ పరికరం, దాన్ని చదవగల వైద్యుడు అందుబాటులో లేకుంటే ఖరీదైన వీర్యం వృథా అవుతుంది. రెండు వారాలకు మళ్లీ పరీక్ష చేయించాలి. గుర్రానికి కవలలు నిలిస్తే ఈచుకుపోవడం, తల్లికి ప్రాణాపాయం ఏర్పడటం ఎక్కువ.

చూలు కాలం దాదాపు 340 రోజులు. పుట్టిన పిల్ల గంటలో నిలబడాలి. రెండు గంటల్లో పాలు కుడవాలి. మూడు గంటల్లో తల్లికి మావి పడాలి. వీటిలో ఏది ఆలస్యమైనా వైద్యుణ్ని పిలవాలి. గుర్రప్పిల్లకు రోగనిరోధక శక్తి ముర్రుపాల ద్వారానే అందుతుంది.

జన్యు పరీక్షలు మరువరాదు

అరబ్బీల్లో ఎస్‌సీఐడీ అనే రోగనిరోధక లోపం, వార్మ్‌బ్లడ్‌లలో చర్మం పెళుసుబారి పిల్ల బతకని డబ్ల్యూఎఫ్‌ఎఫ్‌ఎస్ అనే లోపం వంశపారంపర్యంగా సంక్రమిస్తాయి. తల్లి, తండ్రి ఇద్దరిలోనూ ఒకే లోపపు జన్యువు ఉంటేనే పిల్లకు వ్యాధి వస్తుంది. వేర్వేరు జాతుల సంకరంలో ఈ ముప్పు తక్కువే అయినా, పిల్ల ఆ జన్యువును మోసుకెళ్లి తరువాతి తరానికి అందించవచ్చు. రెండింటికీ పరీక్షలు ఉన్నాయి.

మన మేతలో ముప్పు

పాడి పశువులకు అలవాటైన మేతను గుర్రాలకు అలాగే వేయరాదు. పచ్చి జొన్న, సూడాన్ గడ్డి దీర్ఘకాలం మేపితే గుర్రాలకు మూత్రాశయ వ్యాధి, నడుము పట్టు తప్పడం కలుగుతాయి. ఆముదపు గింజలు అతి కొద్దిగా తిన్నా ప్రాణాంతకమే. గుర్రం వాంతి చేసుకోలేదు. అందుకే ఉలవలైనా, ఇతర దాణా అయినా ఒక్కసారిగా పెంచితే శూల నొప్పి వస్తుంది. వానాకాలంలో జోరీగలు సర్రా వ్యాధిని వ్యాపింపజేస్తాయి. ధనుర్వాతం టీకా విధిగా వేయించాలి.

ఏడేళ్ల లెక్క

2026 ఏప్రిల్‌లో చూలు నిలిచిన గుర్రం 2027 మార్చిలో ఈనుతుంది. పిల్ల ఎముకలు ముదిరి జీను మోయడానికి 2031 వస్తుంది. చెప్పుకోదగిన పోటీలో దిగేసరికి 2033 అవుతుంది. అంతవరకు మేత, సైసు జీతం, లాడాలు, మందులు, శిక్షకుని రుసుము అన్నీ ఖర్చులే. పోటీకి అందిరాని గుర్రం స్వారీ పాఠాలకు పనికివస్తే అదృష్టమే. అదీ కాకుంటే పెళ్లి బరాత్‌లో బాజాల నడుమ నిలబడవలసి వస్తుంది. పుట్టించే ముందే దాని భవిష్యత్తుకు పూచీపడాలి.

సరిహద్దు దాటాలంటే..

2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో భారత డ్రెసాజ్ జట్టు స్వర్ణం గెలిచింది. అశ్వక్రీడల్లో 41 ఏళ్ల తరువాత దక్కిన స్వర్ణమది. ఆ విజయం ఐరోపాలో శిక్షణ పొందిన గుర్రాలతో సాధించినదే. దేశంలో గుర్తింపు పొందిన వ్యాధిరహిత ప్రాంతం లేకపోవడంతో ఇక్కడి గుర్రాలు అంతర్జాతీయ పోటీలకు వెళ్లే వీలు అప్పట్లో లేదు. 2025 జూలైలో మీరట్‌లోని సైనిక రిమౌంట్ వెటర్నరీ కోర్ కేంద్రానికి ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ ఆ గుర్తింపునిచ్చింది. దీంతో ఇక్కడ పుట్టిన గుర్రాలకూ తలుపు కొంత తెరుచుకుంది.

గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని మన పెద్దల సామెత. మంచి తల్లి, నమ్మకమైన వైద్యుడు, ఏడేళ్ల మేతకు సరిపడా సొమ్ము ఉన్నవారు ఈ ప్రయత్నానికి పూనుకోవచ్చు. ఈ మూడింటిలో ఒకటి లోపించినా, తయారైన గుర్రాన్ని కొని స్వారీ చేయడమే మనిషికీ, మూగజీవికీ మేలు.