ఇంటిపేరు ముందా, వెనుకా?

పిల్లలూ! మన తెలుగువారు ముందు ఇంటిపేరు, తరువాత సొంతపేరు చెప్పుకుంటారు. జపాను దేశస్థులదీ ఇదే పద్ధతి. అమెరికాలో మాత్రం సొంతపేరు ముందు, ఇంటిపేరు చివర రాస్తారు. మరి ఒక దేశంవారు వేరొక దేశంలో స్థిరపడితే వారి పేర్లు ఏమవుతాయి?

పసిఫిక్ మహాసముద్రంలోని హవాయి దీవులు 1959 నుండి అమెరికాలో ఒక రాష్ట్రం. 1885 నుండి వేలాది జపానువారు అక్కడి చెరకు తోటలలో కూలిపనికి వెళ్లారు. జపానులో సామాన్యులందరికీ ఇంటిపేరు తప్పనిసరి అయినది 1875లో. వాటిలో చాలా పేర్లు పొలాలను, కొండలను, నీళ్లను బట్టి వచ్చినవే. 'తనాక' అంటే పొలం నడుమ. 'యమమోతో' అంటే కొండ పాదం.

హవాయిలో పుట్టిన పిల్లలలో చాలామందికి అమెరికా పేరొకటి, జపాను పేరొకటి పెట్టారు. ఇంటిపేరు చివరికి చేరింది. 1924లో హొనొలులులో పుట్టిన డేనియల్ కెన్ ఇనౌయె పేరు చూడండి. 'ఇనౌయె' అంటే బావి పైన అని అర్థం. ఆయన 1963 నుండి 2012లో మరణించే వరకు అమెరికా సెనెట్ సభ్యుడు. ఇప్పుడు హొనొలులు విమానాశ్రయానికి ఆయన పేరే ఉంది.

జపాను దక్షిణాన ఉన్న ఒకినావా దీవులవారు 1900లో మొదటిసారి హవాయి చేరారు. వారి భాష వేరు. 'పెద్దకోట' అనే అర్థంగల ఇంటిపేరును వారు 'ఉఫుగుసుకు' అని పలికేవారు. జపాను ఉచ్చారణలో అది 'ఓషిరో' అయింది. రాత మారలేదు, పలుకు మారింది.

మనవారి సంగతి చూద్దాం. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికా వెళ్లారు. ఫాస్ఫరస్‌ను కొలిచేందుకు ఫిస్క్ అనే శాస్త్రజ్ఞునితో కలిసి ఆయన రూపొందించిన పద్ధతి 1925లో వెలువడింది. దానిని 'ఫిస్క్–సుబ్బారావు పద్ధతి' అంటారు. గమనించారా? ఫిస్క్ అన్నది ఇంటిపేరు. సుబ్బారావు అన్నది సొంతపేరు. చివర ఉన్నదే ఇంటిపేరని అక్కడివారి లెక్క. అందువల్ల 'ఎల్లాప్రగడ' మరుగున పడింది.

2020 నుండి జపాను ప్రభుత్వం తన పత్రాలలో ఇంగ్లీషు లిపిలో రాసేటప్పుడు కూడా జపానువారి ఇంటిపేరునే ముందు ఉంచుతున్నది. మనమో, ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదించి పొడి అక్షరంగా రాసుకుంటున్నాము. ఆ ఒక్క అక్షరం వెనుక ఒక ఊరో, ఒక వృత్తో, ఒక పూర్వీకుడో ఉండవచ్చు. మీ ఇంటిపేరు ఎలా వచ్చిందో పెద్దలను అడగండి. దానిని మీ నోటుపుస్తకంలో పూర్తిగా రాయండి.