గట్టు మీద నిలబడి గద్దల్ని లెక్కిస్తే...

ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఊరి మీద గద్ద ఎగరడం మీరు చూసే ఉంటారు. అది రెక్క ఆడించదు. గుండ్రంగా తిరుగుతూ తిరుగుతూ పైకి పోయి చుక్కంత అవుతుంది. ఇదే దృశ్యం మార్చి నెలలో హిమాలయాల దగ్గర మరింత పెద్ద ఎత్తున కనిపిస్తుంది. హిమాచల్ ప్రదేశ్‌లోని ధర్మశాల వెనక ధౌలాధార్ పర్వతశ్రేణి గోడలా లేచి ఉంటుంది. ఆ గోడ వెంబడి స్టెప్పీ గద్దలు ఒకదాని వెనక ఒకటిగా పడమటి దిక్కుకు సాగిపోతుంటాయి. ఇవి శీతాకాలం గడిపి తిరుగు ప్రయాణం కట్టిన పక్షులు. ఈ జాతి గూళ్లు కట్టేది కజకిస్తాన్, రష్యా, మంగోలియా వంటి దేశాల గడ్డిమైదానాల్లో. 2001 శరత్కాలంలోనూ, 2002 వసంతంలోనూ ధర్మశాల దగ్గర పరిశీలకులు రోజుల తరబడి ఆకాశాన్ని గమనించి లెక్కించగా, ఇవి వేల సంఖ్యలో తేలాయి.

ఇలా కొండ గట్టు మీద నిలబడి గద్దల్ని లెక్కపెట్టడం వల్ల ఏం తెలుస్తుంది?

కొండ వెంటే ఎందుకు?

స్టెప్పీ గద్ద బరువు 2 నుంచి 5 కిలోల దాకా ఉంటుంది. రెక్కలు చాపితే ఈ చివరి నుంచి ఆ చివరికి సుమారు 2 మీటర్లు. ఇంత బరువైన పక్షి వేల కిలోమీటర్లు రెక్కలు కొట్టుకుంటూ పోవాలంటే ఒంట్లోని కొవ్వు చాలదు. అందుకని అది గాలి చేత పని చేయించుకుంటుంది.

ఎండకు కొండవాలు వేడెక్కుతుంది. దాన్ని తాకిన గాలి కూడా వేడెక్కి, వ్యాకోచించి, తేలికై పైకి లేస్తుంది. ఇలా లేచే గాలి స్తంభాన్ని థర్మల్ అంటారు. గద్ద అందులో సుళ్లు తిరుగుతూ ఎత్తుకు చేరుతుంది. అక్కడి నుంచి రెక్కలు చాపి, క్రమంగా ఎత్తు కోల్పోతూ, ముందున్న మరో థర్మల్ దాకా జారిపోతుంది. ఇది కాక, వీచే గాలి కొండవాలుకు కొట్టుకుని పైకి మళ్లుతుంది. అది కూడా పక్షిని మోస్తుంది. ఈ రెండు సదుపాయాలూ కొండ పొడవునా దొరుకుతాయి కాబట్టి, విశాలమైన ప్రాంతంలో చెదిరి ఉన్న పక్షులు ఒక సన్నని దారిలోకి వచ్చి చేరతాయి. పొద్దెక్కి నేల వేడెక్కితేగాని ప్రయాణం జోరందుకోకపోవడానికి కారణం కూడా ఇదే.

లెక్క ఎలా?

గడ్డిమైదానాల్లో గూడు గూడూ వెతికి లెక్కపెట్టడం ఎంతో కష్టం. గట్టు మీద అయితే పక్షులే మన ముందు నుంచి పోతాయి. కానీ ఒకే థర్మల్‌లో ముప్పై, నలభై గద్దలు సుళ్లు తిరుగుతుంటే లెక్క తప్పక మానదు. అనుభవజ్ఞులు అప్పుడు లెక్కించరు, ఆగుతారు. స్తంభం పైకొసకు చేరిన పక్షులు ఒక్కొక్కటే విడివడి వరుసగా జారిపోతాయి కదా! దూరాన ఒక చెట్టునో శిఖరాన్నో గుర్తు పెట్టుకుని, ఆ గీత దాటిన పక్షినే లెక్కలో వేస్తారు. మందలు పెద్దవైతే పది పక్షులు ఆక్రమించే చోటు ఎంతో చూసుకుని, పదుల చొప్పున లెక్కిస్తారు. అటూ ఇటూ తిరుగుతూ అక్కడే ఉండిపోయే స్థానిక రాబందుల్ని వదిలేస్తారు.

పక్షుల సంఖ్యతోపాటు చూసిన గంటలు, గాలి దిశ, మబ్బు కూడా రాసుకోవాలి. ఎందుకో ఒక ఉదాహరణ చూద్దాం. ఒక ఏడాది 6 గంటల్లో 120 గద్దలు కనిపించాయి. మరుసటి ఏడాది 8 గంటల్లో 120 కనిపించాయి. సంఖ్య మారలేదు. కానీ గంటకు 20 ఉన్నవి 15 అయ్యాయి! గంటలు రాయకపోతే ఈ తగ్గుదల మనకు తెలిసేదే కాదు. ఏ పక్షీ కనిపించని గంటను కూడా సున్నాగా రాయడం అందుకే.

అయినా గట్టు మీది లెక్క ఆ జాతి మొత్తం జనాభా కాదు. గాలి మారితే పక్షులు పక్క గట్టు మీదుగా పోవచ్చు. ఒక ఏడాది తగ్గితే అది వాతావరణం వల్ల కావచ్చు. అదే చోట, అదే రోజుల్లో, అదే పద్ధతిలో ఏళ్ల తరబడి చేసినప్పుడే లెక్క నిజం చెబుతుంది.

పిల్లలెన్ని?

మొత్తం సంఖ్యే కాదు, అందులో పిల్లలెన్ని అన్నది కూడా ముఖ్యం. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని హాక్ మౌంటెన్‌లో 1934 నుంచి శరత్కాలపు లెక్క జరుగుతోంది. అక్కడ 1935-39 మధ్య కనిపించిన తెల్లతల గద్దల్లో 40 శాతం పిల్లలు. 1955-59 నాటికి అవి 20 శాతానికి పడిపోయాయి. పెద్దవి కనిపిస్తూనే ఉన్నాయి, కానీ కొత్త తరం రావడం లేదు. రేచల్ కార్సన్ 1962లో 'సైలెంట్ స్ప్రింగ్' పుస్తకంలో డి.డి.టి.పై చేసిన వాదనకు ఈ అంకెల్ని ఆధారంగా చూపారు. స్టెప్పీ గద్దల్లోనూ పిల్లల్ని గుర్తించవచ్చు. వాటి రెక్కల అడుగున వెడల్పైన తెల్లపట్టీ ఉంటుంది.

మన రాబందుల పాఠం

లెక్క విలువ మనకూ అనుభవమే. 1990ల తొలి సంవత్సరాల్లో మన దేశంలో రోడ్ల వెంట వేటపక్షుల్ని లెక్కించారు. 2000 నుంచి అవే దారుల్లో మళ్లీ లెక్కించారు. 1992-2007 మధ్య తెల్లవీపు రాబందులు 99.9 శాతం తగ్గిపోయాయని ఆ విధంగానే తేలింది. పశువులకిచ్చే డైక్లోఫెనాక్ మందు వాటి కళేబరాల ద్వారా రాబందుల కడుపులోకి చేరి, మూత్రపిండాల్ని దెబ్బతీస్తోంది. పశువులకు ఆ మందు వాడకాన్ని 2006లో నిషేధించారు. పాత లెక్క లేకపోతే ఈ నష్టం ఎంతో ఎలా చెప్పగలిగేవాళ్లం?

ఇప్పుడు స్టెప్పీ గద్ద వంతు. రాజస్థాన్‌లో చనిపోయిన 2 స్టెప్పీ గద్దల్లో డైక్లోఫెనాక్ అవశేషాలు దొరికినట్లు 2014లో వెల్లడైంది. ఇవీ కళేబరాల్ని తింటాయి మరి. గడ్డిమైదానాల్లో కరెంటు తీగలు కూడా వీటిని చంపుతున్నాయి. ఇదే జాతిలో ఆఫ్రికాలో శీతాకాలం గడిపేవి వసంతంలో ఇజ్రాయెల్ దక్షిణ కొసన ఉన్న ఐలత్ కొండల మీదుగా తిరిగి వెళతాయి. అక్కడ 1985 వసంతంలో సుమారు 75,000 గద్దల్ని లెక్కించారు. తర్వాతి దశాబ్దాల్లో ఆ సంఖ్య బాగా పడిపోయింది. 2015లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం ఈ జాతిని అంతరించే ప్రమాదమున్న వాటి జాబితాలో చేర్చింది. హిమాలయాల దారిన పోయేవాటి సంగతి తెలియాలంటే ధౌలాధార్ వంటి చోట్ల ఏటా లెక్క జరగాలి.

ఇందుకు మీరు హిమాలయాల దాకా పోనక్కర్లేదు. మీ కళాశాల మేడ మీద వారానికి ఒక గంట, అదే సమయానికి నిలబడి, కనిపించిన గద్దల్ని నోటుపుస్తకంలో రాయండి. ఏమీ కనిపించకపోతే సున్నా వేయండి. ఇవాళ అది ఉత్త అంకెలా అనిపించవచ్చు. పదేళ్ల తర్వాత అదే మేడ మీద నిలబడేవారికి మాత్రం అది తప్పక కావాలి.