రెండు గడియారాలు, ఒక విమానం

2021 జనవరి 9, శనివారం రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎయిరిండియా విమానం లేచింది. సోమవారం తెల్లవారుజామున మూడు దాటాక బెంగళూరులో దిగింది. నడిపినవాళ్లంతా మహిళా పైలట్లే. వారిలో మన పాపగారి తన్మయి ఒకరు. మరి ప్రయాణం ఎన్ని గంటలు? ఏడో తరగతిలో ఈ లెక్క ఇచ్చి చూడండి. ఎక్కువమంది ‘ముప్పై పైనే’ అంటారు. వాళ్ల తీసివేతలో తప్పు లేదు. ఎక్కిన వేళ ఒక గడియారానిది, దిగిన వేళ ఇంకో గడియారానిది. చిక్కంతా అక్కడే.

మన గడియారానికి ఆధారం కాకినాడ దగ్గరగా వెళ్లే 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. యానాం పిల్లలకైతే అది పొరుగూరి సంగతే. కాలిఫోర్నియాకు ఆధారం 120 డిగ్రీల పడమర. రెండూ కలిపితే 202.5. పదిహేను డిగ్రీలకు ఒక గంట చొప్పున భాగిస్తే సరిగ్గా పదమూడున్నర గంటలు. ముప్పైలోంచి అది తీసేస్తే మిగిలేది సుమారు పదిహేడు. (వేసవిలో అక్కడ గడియారం గంట ముందుకు జరుపుతారు కాబట్టి తేడా పన్నెండున్నరే.)

ఇది పరీక్ష లెక్క మాత్రమే కాదు. కొడుకు దగ్గరికి ఒంటరిగా వెళ్లే నాయనమ్మ టికెట్‌లో ఏ ఊరి వేళ ఆ ఊరిదే ఉంటుంది. పూటపూటకీ మందు వేసుకునే మనిషి గోడ గడియారాన్ని నమ్ముకుంటే పూట తప్పుతుంది. అసలు ఎన్ని గంటల ప్రయాణమో మనవడు లెక్కగట్టి కాగితం మీద రాసిస్తే, డాక్టరును అడగడానికి పనికొస్తుంది.

ఇక దూరం. గోడకు తగిలించిన ప్రపంచపటం మీద స్కేలు పెట్టి పసిఫిక్ మీదుగా గీత గీస్తే, ఆ దారి 16 వేల కిలోమీటర్లు దాటుతుంది. గ్లోబు మీద ఆ రెండు ఊళ్ల మధ్య నూలు దారం బిగించండి. దారం పసిఫిక్‌ను వదిలి ఉత్తర ధ్రువం వైపు జారుతుంది. ఆ దూరం 13,993 కిలోమీటర్లే. ఆ రోజు విమానం ధ్రువం మీదుగా వచ్చింది అందుకే. గ్లోబు లేని బడిలో బత్తాయి చాలు.

అయితే దూరం తక్కువైతే కాలమూ తగ్గాలని లేదు. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు అట్లాంటిక్ మీదుగా సుమారు 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబరులో ఎయిరిండియా పసిఫిక్ మీదుగా 15,300 కిలోమీటర్లు తిప్పి, పద్నాలుగున్నర గంటల్లోనే చేర్చింది. అంత ఎత్తులో గాలి పడమర నుంచి తూర్పుకు బలంగా వీస్తుంది. పాత దారిలో అది ఎదురుగాలి, కొత్త దారిలో వెనక నుంచి తోసింది. గోదావరిలో వాలుకు, ఎదురుకు పడవ నడిచే తేడా తెలిసిన పిల్లలకు ఇంతకన్నా చెప్పక్కర్లేదు.