నేత్రదానము – గ్రామపెద్దల కర్తవ్యము



గ్రామమున నెవరైన కాలధర్మము నొందినపుడు కబురు మొదట చేరునది పెద్దల కడకే. దూరపు బంధువులకు వర్తమానము పంపుట, కట్టెలు సమకూర్చుట, పురోహితుని పిలిపించుట మొదలగున వన్నియు మీ మాటమీదనే జరుగును. ఆ పనులతోబాటు మఱియొక పనిని గూడ జ్ఞాపకముంచుకొనుడని ప్రార్థించుటయే నేటి ప్రసంగోద్దేశము. మృతుని కన్నులను దానము చేయించుటయే యా పని.

“కంటిలో పువ్వు వేసినది” యను మాట మీ రెఱుగనిది కాదు. నల్లగ్రుడ్డు మీద గడియారపు టద్దమువలె నొక స్వచ్ఛమైన పొర గలదు. వైద్యులు దీనిని కార్నియా యందురు. దీని నడుమ మందము సుమారు అర మిల్లీమీటరు మాత్రమే. వడ్ల ముల్లు గ్రుచ్చుకొన్నను, చెఱకుటాకు గీచుకొన్నను, ఈ పొర పుండు కావచ్చును. సున్నము పడినచో నిది కాలిపోవును. పుండు మానినపిదప మిగులు తెల్లని మచ్చయే పువ్వు. పసిబిడ్డల యాహారమున ‘ఏ’ విటమిను చాలకున్నను ఈ యాపద గలుగును. కంటిపుండులో ఆకుపసరు పిండుటచే ఉన్న చూపును గోల్పోయినవారును గలరు. గడియారపు టద్దమునకు సున్నము పూసినచో, లోపలి ముండ్లు చక్కగా తిరుగుచున్నను వేళ తెలియదు గదా! పువ్వు పడిన కన్నును అట్టిదే.

అద్దమును మార్చినట్లే ఈ పొరను మార్చవచ్చును. 1905వ సంవత్సరము డిసెంబరు 7వ తేదీన, నాటి ఆస్ట్రియా సామ్రాజ్యమందలి ఓలోమౌట్సు నగరమున, ఎడ్వర్డు జిర్మ్ అను వైద్యుడు దీనిని మొదట సాధించెను. సున్నము పడి చూపు గోల్పోయిన యొక కూలివానికి, గాయపడి తీసివేయవలసివచ్చిన యొక బాలుని కంటిపొరను కుట్టి చూపు తెప్పించెను. మృతుల కంటిపొరలును ఇందులకు పనికివచ్చునని 1930 దశకమున ఒడెస్సా నగరమున ఫిలాటోవ్ అను వైద్యుడు నిరూపించెను. మన దేశమున మొదటి నేత్రనిధి 1945లో చెన్నపట్టణపు ఎగ్మూరు నేత్రవైద్యశాలలో వెలసినది. హైదరాబాదున ఎల్.వి. ప్రసాదు నేత్రవైద్య సంస్థలో రామాయమ్మ పేరిటి నేత్రనిధి 1989లో ఏర్పడినది. అయితే శుక్లములకు చికిత్స వేఱు. కంటినరము చెడినవారికి ఈ చికిత్స పనికిరాదు.

నేత్రనిధి యనగా కన్నుల నమ్ముచోటు కాదు. దాత కంటిపొరను, రక్తమును పరీక్షించి, పొరను మందునీటిలో కొన్ని దినములు భద్రపఱచి, అవసరమైనవారికి చేర్చు సంస్థ. అవయవముల క్రయవిక్రయములను 1994 నాటి చట్టము నిషేధించినది. ఒక్క మృతుని రెండు కన్నులచే ఇరువురకు చూపు రావచ్చును.

ఇక పెద్దల సందేహములు. ముఖము వికృతమగునా? కాదు. పలుమాఱు పై పొరను మాత్రమే తీయుదురు; రెప్పలు మూయుదురు. అంత్యక్రియలు ఆలస్యమగునా? ఆ పని యరగంటలోపే ముగియును. వృద్ధుని కన్నులు పనికివచ్చునా? కంటద్దములు ధరించినవారును, శుక్లములు తీయించుకొన్నవారును, మధుమేహము గలవారును దాతలు కావచ్చును. పిచ్చికుక్క కాటువలని రోగముచేతను, ఎయిడ్సుచేతను, రక్తపు క్యాన్సరుచేతను మరణించినవారి కన్నులను గ్రహింపరు. తుది నిర్ణయము వైద్యులదే.

మఱు జన్మమున గ్రుడ్డివారమగుదుమేమో యని కొందఱి భయము. శ్రీకాళహస్తిలో తిన్నడు బ్రతికియుండగనే తన కంటిని పెఱికి స్వామి కర్పించెను. దానివలన నాతనికి కలిగినది అంధత్వము కాదు, కన్నప్పయను శాశ్వతనామము. మనలను అడుగుచున్నది కాష్ఠమున కాలిపోవు కన్ను మాత్రమే.

ప్రాణము పోయిన వెంటనే రెప్పలు మూయుడు. ఫ్యాను నాపుడు. కన్నులపై తడిదూది నుంచుడు. తలక్రింద దిండు పెట్టుడు. సమీపపు నేత్రనిధికిగాని పెద్దాసుపత్రికిగాని కబురు పంపుడు. వారే యింటికి వత్తురు. ఆఱు గంటలలోపల ఈ పని జరుగవలెను. ఆ తరువాత పొర చెడిపోవును.

బ్రతికియున్నపుడు ప్రతిజ్ఞాపత్రముపై వ్రాలు చేసిన పుణ్యాత్ములనేకులు గలరు. కాని వ్రాలు చేసినవాడు స్వయముగా లేచి కబురు పంపలేడు. ఇంటివారు సమ్మతింపనిచో ఆ పత్రము పెట్టెలోనే యుండిపోవును. పత్రము లేకున్నను ఇంటివారు సమ్మతించినచో దానము నెఱవేఱును. ఆ దుఃఖసమయమున వారికేమియు తోచదు. పెద్దల ముఖమువంకనే చూతురు. ఆ ఆఱు గంటలలో మీరు పలుకు నొక్కమాటపై ఎచటనో యిరువుర చూపు ఆధారపడి యున్నది. మీ యింటివారితో ఈ సంగతిని నేడే ముచ్చటింప వేడుకొనుచు సెలవు గైకొనుచున్నాను.